కోరాపుట్ జిల్లాకు ఉద్యోగం మీద వెళ్తున్నవారు ఏ ఊళ్ళో ఇల్లు తీసుకోవాలి?

విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకు ఏటా ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా వెళ్తుంటాయి. సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల కర్మాగారం, దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, సునాబెడ దగ్గర ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవి కాక బ్యాంకులు, రైల్వే, రోడ్డు పనులు, కాంట్రాక్టు సంస్థలు ఉన్నాయి. ఆర్డరు చేతికి రాగానే ఎవరైనా మొదట అడిగేది ఆఫీసు ఎక్కడ, దానికి దగ్గరలో ఇల్లు దొరుకుతుందా అనే. ఆ ప్రశ్నను రెండో స్థానంలో ఉంచాలని నా గట్టి అభిప్రాయం. ఉద్యోగి పగలంతా పని చోటే ఉంటారు కాబట్టి, ఆ ఊరితో రోజంతా వేగవలసింది ఇంట్లో ఉండే భార్య లేదా భర్త, పిల్లలు, పెద్దవాళ్ళు. వాళ్ళ అవసరాలేమిటి, జోరువాన కురిసే జులై, ఆగస్టు నెలల్లో ఆ అవసరాలు ఏ దారిన తీరుతాయి అన్నది తేలితే, ఈ జిల్లాలో ఏ ఊరు ఎంచుకోవాలో చాలా వరకు తేలిపోతుంది.

ముందుగా దారి అర్థం చేసుకోవాలి. సాలూరు దాటిన తరువాత జాతీయ రహదారి 26 సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా పీఠభూమి మీదికి చేరుతుంది. ఆ దారిలో మొదట సిమిలిగుడ, దాని పక్కనే సునాబెడ, తరువాత కోరాపుట్ పట్టణం వస్తాయి. కోరాపుట్ దాటాక రోడ్డు మళ్ళీ ఘాట్‌లో దిగుతూ సుమారు ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో జయపురం చేరుతుంది. దమన్‌జోడి ఈ రహదారి మీద లేదు; సిమిలిగుడ వైపు నుంచి పక్కకు చీలిన రోడ్డులో లోపలికి వెళ్ళాలి. అంటే సొంతూరు నుంచి వచ్చేవారికి సిమిలిగుడ, సునాబెడ ఒక ఘాట్ దూరంలో ఉంటే జయపురం రెండు ఘాట్‌ల దూరంలో ఉంటుంది. మ్యాపులో చూస్తే ఇది చిన్న తేడాలా కనబడుతుంది కానీ, నెలకు రెండుసార్లు తల్లిదండ్రులను చూసిరావలసిన వారికి, కడుపుతో ఉన్న కోడలిని పుట్టింటికి పంపవలసిన వారికి ఇదే అన్నిటికంటె పెద్ద తేడా అవుతుంది.

రైలు సంగతి వేరు. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండుల్ వెళ్ళే కెకె లైను కోరాపుట్, జయపురం స్టేషన్లను కలుపుతుంది. రాయగడ నుంచి వచ్చే లైను దమన్‌జోడి మీదుగా కోరాపుట్‌లో దీనితో కలుస్తుంది. అందువల్ల విశాఖ వాళ్ళకు అరకు దారి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వాళ్ళకు రాయగడ దారి అనుకూలం. భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఈ రాయగడ దారినే వస్తుంది. కొండల్లో వేసిన లైన్లు కాబట్టి వర్షాకాలంలో మట్టిపెళ్ళలు, బండలు జారిపడి రైళ్ళు ఆగడం, దారి మళ్ళించడం జరుగుతూ ఉంటుంది. టిక్కెట్టు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అరకు దగ్గర ఉన్న శిమిలిగుడ స్టేషను, కోరాపుట్ జిల్లాలోని సిమిలిగుడ పట్టణం ఒకటి కావు. సునాబెడ, సిమిలిగుడ వెళ్ళవలసినవారు కోరాపుట్‌లో గానీ దమన్‌జోడిలో గానీ దిగి రోడ్డున వెళ్ళాలి. సామాన్లతో, చంటిపిల్లలతో మొదటిసారి వచ్చేవారు దీన్ని ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక ఊళ్ళ విషయానికి వస్తే, ఎక్కువ మంది నిజంగా తేల్చుకోలేక సతమతమయ్యేది జయపురానికీ కోరాపుట్‌కూ మధ్యనే కనుక దాని గురించి కొంచెం విపులంగా చెప్పాలి.

జయపురం ఈ ప్రాంతమంతటికీ వ్యాపార కేంద్రం. బట్టలు, బంగారం, సామాన్లు, వాహనాల మరమ్మతు, ధాన్యం వ్యాపారం అన్నీ అక్కడే జరుగుతాయి. 1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చేసిన భూరి విరాళాలకు గుర్తుగా ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు నేటికీ ఆయన పేరే ఉంది. ఆ అనుబంధం పుస్తకాలకు మాత్రమే పరిమితం కాలేదు. తరతరాలుగా స్థిరపడిన తెలుగు వ్యాపార కుటుంబాలు జయపురంలో ఉన్నాయి. బజారులో చాలా దుకాణాల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. ఒడియా రాని అత్తగారు ఒంటరిగా కూరగాయలకు వెళ్ళి రాగలగడం, పురోహితుడు, దర్జీ, టిఫిను దుకాణం మన అలవాట్లు ఎరిగి ఉండడం ఎంత పెద్ద ఊరటో కొత్త ఊళ్ళో కాపురం పెట్టినవారికే తెలుస్తుంది. చిన్న పిల్లలున్న ఇల్లాలికి పగటిపూట తోడు, మాట దొరకాలనుకుంటే నేను జయపురానికే మొగ్గు చూపుతాను.

దానికి ప్రతిగా జయపురంలో భరించవలసినవీ ఉన్నాయి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉండగా, జయపురం దానికి రెండు వందల మీటర్ల పైచిలుకు కింద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. పీఠభూమి అంతా చల్లగా ఉంటుందని విని వచ్చినవారు జయపురం ఎండకు ఆశ్చర్యపోతారు. పాత బజారు వీధులు ఇరుకు. వాటిలో ఇల్లు దొరికితే సరుకులు దగ్గర, కానీ వాహనం పెట్టుకునే చోటు, గాలి, వెలుతురు తక్కువ. ఊరి అంచున కొత్తగా వేసిన లేఅవుట్లలో ఇళ్ళు విశాలంగా ఉంటాయి కానీ, మురుగు కాలువలు, వీధి దీపాలు ఇంకా పూర్తికాని చోట్లు ఉంటాయి కనుక అలాంటి ఇంటిని ఒకసారి చీకటి పడ్డాక కూడా చూడాలి.

కోరాపుట్ జిల్లా కేంద్రం. కలెక్టరేటు, కోర్టు, వైద్య కళాశాల, శబర శ్రీక్షేత్రంగా పేరుపొందిన జగన్నాథ ఆలయం అన్నీ ఒకే కొండ ఊళ్ళో ఉన్నాయి. ఊరు చిన్నది, గుట్టల మీద పరుచుకున్నది. బజారు జయపురమంత పెద్దది కాదు. పెద్ద కొనుగోలు ఏదైనా ఉంటే ఘాట్ దిగి జయపురమో, లేకపోతే నేరుగా విశాఖో వెళ్ళడం ఇక్కడివారికి అలవాటు. కానీ ఇంట్లో బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళుంటే, 2017లో మొదటి ఎంబీబీఎస్ బ్యాచితో ప్రారంభమైన వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉండడం విజ్ఞత. జయపురంలో కూడా ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోములు ఉన్నాయి. అయితే రోగిని విశాఖకు తరలించవలసి వస్తే అక్కడి నుంచి మొదట ఒక ఘాట్ ఎక్కాలి, ఆ తరువాత ఇంకొకటి దిగాలి. అర్ధరాత్రి, వానలో, మంచులో ఆ మొదటి ఘాట్ తగ్గడం చిన్న విషయం కాదు.

ఆఫీసు కోరాపుట్‌లో, కాపురం జయపురంలో పెట్టుకుని రోజూ తిరిగేవారు చాలామంది ఉన్నారు. దూరం ఇరవై రెండు కిలోమీటర్లే కదా అన్నది వాళ్ళ వాదన. ఆఫీసు పది గంటలకు మొదలై అయిదు గంటలకు ముగిసే ఉద్యోగానికి, బస్సులో గానీ నలుగురు కలిసి మాట్లాడుకున్న కారులో గానీ వెళ్ళేవారికి ఆ వాదన నిలుస్తుంది. షిఫ్టు డ్యూటీ, రాత్రి డ్యూటీ, అత్యవసర పిలుపులు ఉన్న నర్సులు, డాక్టర్లు, రైల్వే సిబ్బంది విషయంలో నిలవదు. మలుపుల రోడ్డు, లారీల రద్దీ, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల మంచు, వర్షాకాలపు బురద కలిసినప్పుడు ద్విచక్ర వాహనం మీద ఆ ఘాట్ రోజూ ఎక్కిదిగమని నేను ఎవరికీ చెప్పలేను. ఇద్దరూ ఉద్యోగం చేస్తూ ఒకరిది జయపురం, ఒకరిది కోరాపుట్ అయితే, రాత్రిపూట తిరగవలసిన వారి ఆఫీసు ఉన్న ఊళ్ళోనే ఇల్లు తీసుకోవాలి. పగటి ప్రయాణాన్ని రెండోవారు భరించవచ్చు.

సునాబెడ, దమన్‌జోడి విషయంలో ఇంత మీమాంస అక్కరలేదు. ఈ రెండూ కర్మాగారాల చుట్టూ పుట్టిన ఊళ్ళు. మిగ్ విమానాల ఇంజిన్ల కోసం 1960ల్లో సునాబెడలో హెచ్‌ఏఎల్ విభాగం వచ్చింది; 1981లో ఏర్పడిన నాల్కో పంచపట్‌మాలి కొండ మీది బాక్సైటు ఆధారంగా దమన్‌జోడిలో కర్మాగారం కట్టింది. కంపెనీ ఉద్యోగికి టౌన్‌షిప్పులో క్వార్టరు దొరికే వీలుంటే, కనీసం మొదటి ఏడాదైనా తీసుకోవడమే ఉత్తమం. నీళ్ళు, కరెంటు, పార్కు, ఆసుపత్రి, బడి, రక్షణ అన్నీ ఒక గోడ లోపల దొరుకుతాయి. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాల మధ్య తెలుగువారు కూడా గణనీయంగా ఉంటారు, పండగలు కలిసి చేసుకుంటారు. హెచ్‌ఆర్‌ఏ డబ్బు కలిసివస్తుందని క్వార్టరు వదులుకుని బయట ఇల్లు చూసుకునేవారు ట్యాంకరు నీళ్ళ ఖర్చు, ఇన్వర్టరు ఖర్చు, పిల్లల బడి బండి ఖర్చు కూడా లెక్కలో వేసుకుని చూడాలి.

కాంట్రాక్టు సంస్థల్లో పనిచేసేవారికి ఆ గోడ లోపల చోటు ఉండదు. సునాబెడలో పనిచేసేవారు సిమిలిగుడలోనూ, దమన్‌జోడిలో పనిచేసేవారు మథల్‌పుట్‌లోనూ, టౌన్‌షిప్పు బయటి బజారు చుట్టుపక్కలా గదులు తీసుకుంటారు. ఈ రెంటిలో కుటుంబంతో ఉండేవారికి నేను సిమిలిగుడనే సూచిస్తాను. అది రహదారి మీద ఉంది, సాలూరు వైపు బస్సు దొరుకుతుంది, దగ్గరలోని కుందులిలో శుక్రవారం జరిగే సంతలో కొండ ప్రజలు తెచ్చే కూరగాయలు, అల్లం, దుంపలు తాజాగా దొరుకుతాయి. కుటుంబాన్ని సాలూరులోనో బొబ్బిలిలోనో ఉంచి వారం వారం వెళ్ళివచ్చే ఒంటరి ఉద్యోగులకు కూడా సిమిలిగుడే సరైనది. అలాంటివారు జయపురంలో గది తీసుకోవడం వల్ల శనివారం సాయంత్రం ప్రయాణం భారం కావడం తప్ప ఒరిగేదేమీ లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరే అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు కూడా సునాబెడ, సిమిలిగుడలే దగ్గర.

పిల్లల చదువు విషయం ఊరి ఎంపికను మించినది. సెంట్రల్ సిలబస్ బడులు జయపురం, కోరాపుట్, సునాబెడ, దమన్‌జోడి నాలుగింటిలోనూ ఉన్నాయి కనుక చిన్న తరగతుల పిల్లలకు ఇబ్బంది లేదు. ఒడిశా బోర్డు బడుల్లో ఒడియా తప్పదు. మూడో నాలుగో తరగతి లోపు వచ్చిన పిల్లలు ఆ లిపిని త్వరగానే పట్టుకుంటారు, ఎనిమిదో తరగతిలో వచ్చినవారికి కష్టం. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంట్లోనే నేర్పుకోవలసిన పని. బడి నేర్పుతుందన్న ఆశతో ఆలస్యం చేస్తే పిల్లలకు అక్షరాలు దూరమవుతాయి. తొమ్మిదో తరగతికి వచ్చిన బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఇంకొక సంగతి ఇల్లు చూడకముందే ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగు వంటి కోర్సుల ప్రవేశాల్లో స్థానికతను సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు. అంటే తొమ్మిది నుంచి ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం దాకా ఒడిశాలో చదివిన విద్యార్థిని ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక అభ్యర్థిగా పరిగణించరు. తల్లిదండ్రుల నివాసం వంటి ఇతర నిబంధనల కింద పరిమిత సీట్లకే అర్హత రావచ్చు. కొంతమంది ఇది తెలిసే ఆ నాలుగేళ్ళు పిల్లను అమ్మమ్మగారింట ఉంచి చదివిస్తారు. అలా చేయదలిస్తే ఇల్లు సునాబెడ, సిమిలిగుడ వైపే ఉండాలి, ఎందుకంటే ఇకమీదట వారాంతపు రాకపోకలే ఆ ఇంటి జీవనం అవుతాయి. చేయకూడదనుకుంటే, ఒడిశా ప్రవేశ నిబంధనలను సక్రమంగా తెలుసుకుని ఇక్కడే చదువు పూర్తయ్యేలా ఒకే ఊళ్ళో స్థిరంగా ఉండడం మంచిది. మధ్యేమార్గంగా పదో తరగతి తరువాత మార్చడం ఇంచుమించు అన్ని విధాలా నష్టమే.

జయపురంలో విమానాశ్రయం ఉంది, 2022 నుంచి చిన్న విమానాలు భువనేశ్వర్, విశాఖ వైపు నడిచాయి. అందులో సీట్లు చాలా తక్కువ, వాతావరణాన్ని బట్టి ఆగిపోతుంటాయి. దాన్ని నమ్ముకుని జయపురాన్ని ఎంచుకోవద్దు.

ఊరు తేలాక ఇల్లు. మైదాన ప్రాంతంలో ఇల్లు చూసే అలవాటు ఇక్కడ సరిపోదు. అక్కడ గాలి వస్తుందా అని చూస్తాం, ఇక్కడ ఎండ పడుతుందా అని చూడాలి. వర్షాకాలంలో వారాల తరబడి ముసురు పడితే బట్టలు ఆరవు, గోడలు చెమ్మ పడతాయి, పప్పులు బూజు పడతాయి, ఆయాసం ఉన్నవారికి రాత్రులు నిద్ర ఉండదు. తూర్పు లేదా దక్షిణం వైపు కిటికీలున్న, కొండ చరియకు ఆనుకోని ఇల్లు కొంచెం అద్దె ఎక్కువైనా తీసుకోవాలి. వేసవిలో చూసే ఇంట్లో శ్లాబు కింది భాగాన పసుపు మరకలు, కొత్తగా ఒక్క గోడకే వేసిన సున్నం కనబడితే వాన నీరు కారుతుందని అర్థం. రేకుల ఇల్లు అయితే చలికాలం రాత్రి గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది, వానకు చప్పుడు భరించలేం. ఇంటి ఓనరును అడగవలసిన వాటిలో నీళ్ళు మొదటిది: మునిసిపల్ కుళాయి ఏ వేళకు వస్తుంది, బోరు ఏప్రిల్‌లో అందుతుందా, ట్యాంకు ఎంతమందికి ఉమ్మడి. పక్కింటి వాళ్ళను కూడా ఇదే ప్రశ్న అడిగితే అసలు జవాబు దొరుకుతుంది. అద్దె ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలకు రాస్తారు. అడ్వాన్సు ఎంత, వెళ్ళేటప్పుడు గోడలకు సున్నం వేయించడానికి ఎంత పట్టుకుంటారు అన్నవి కాగితం మీద ఉండాలి. గ్యాసు కనెక్షను బదిలీకి, బడి ప్రవేశానికి, బ్యాంకు చిరునామాకు ఆ కాగితమే ఆధారం.

ఇంకొక మాట ఆరోగ్యం గురించి. కోరాపుట్ జిల్లా మలేరియా తీవ్రత ఎక్కువగా ఉండే ప్రాంతం. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మారుమూల గ్రామాల్లో ప్రత్యేక కార్యక్రమం నడిపిన తరువాత కేసులు బాగా తగ్గాయి కానీ, మైదానం నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు జ్వరం వస్తే ఎదురుచూడకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. కిటికీలకు జాలీ లేని ఇంట్లో దిగితే ఓనరు వేయిస్తాడని ఆగక, మన డబ్బుతోనైనా వేయించుకోవాలి. పొలాలకు, మురుగు గుంటకు ఆనుకున్న చవక ఇంటి కంటె బజారు నడుమ రెండు గదుల వాటా మేలు.

చివరగా, రెండేళ్ళు ఉన్నాక ఇక్కడి చల్లదనానికి అలవాటుపడి, అద్దెలు కట్టే బదులు స్థలం కొనుక్కుందామని చాలామందికి అనిపిస్తుంది. అప్పుడు తెలియవలసింది ఒకటుంది. కోరాపుట్ జిల్లా మొత్తం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతం. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల స్థిరాస్తి బదిలీపై ఒడిశా తెచ్చిన 1956 నాటి రెండో రెగ్యులేషను, దానికి 2002లో అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. అది న్యాయమైన చట్టం. తరతరాలుగా అప్పుల్లో, మోసాల్లో భూమి పోగొట్టుకున్నవారి రక్షణకు వచ్చింది. స్టాంపు కాగితం మీద రాసిచ్చిన ఒప్పందం, జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికార పత్రం), ఇంకొకరి పేరున రాయించుకోవడం వంటివి ఆ నిషేధాన్ని దాటించవు. డబ్బు పోవడమే కాక, ఒక గిరిజన కుటుంబం భూమి పోవడానికి మనం కారణమవుతాం. బ్రోకరు ఎంత నమ్మకంగా చెప్పినా, ఒడిశా భూలేఖ్ వెబ్‌సైటులో ఆ ప్లాటు రికార్డు తీయించి, ఒడియా చదవగలిగిన మనిషి చేత చదివించుకోవాలి. రైతు పేరు పక్కన కులం రాసి ఉంటుంది, భూమి తరగతి కూడా ఉంటుంది. అంతకుముందు అది ఎవరి పేరున ఉండేదో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసి చూసి, ఎక్కడైనా గిరిజన యజమాని పేరు కనిపిస్తే ఆ అమ్మకం 2002 సవరణకు ముందే అనుమతి ఉత్తర్వుతో జరిగిందో లేదో అడగాలి. ఉత్తర్వు చూపించలేకపోతే ఆ స్థలాన్ని వదిలేసి, అద్దె ఇంట్లోనే కొనసాగాలి.